స్ప్లెండర్‌కి ఎడమ ఫోర్కు రాడ్డు ఒక్కటే గుంటలు పడింది, ఇంట్లో బాగుచేసుకునే దారుందా?

చెరువుగట్టు (మొగల్తూరు) అడిగినది:

అందరికీ నమస్కారమండి. మాది మొగల్తూరు పక్క పల్లెటూరు. బండి 2009 మోడల్ హీరో హోండా స్ప్లెండర్ ప్లస్. నాన్నగారు కొన్నది, ఇప్పుడు నా చేతిలో ఉంది. రోజుకి నాలుగైదు సార్లు ఇంటి నుంచి రొయ్యల చెరువు మీదకీ, చెరువు మీద నుంచి ఇంటికీ తిరగడమే దాని ఉద్యోగం. అప్పుడప్పుడు వెనకాల మేత బస్తా కూడా ఎక్కుతుంది.

రెండు నెలల కిందట తెల్లవారుజామున చెరువు నుంచి వచ్చాక చూస్తే ఎడమ కాలికి, ప్యాంటు మీద మోకాలి కింద, సన్నగా నూనె చుక్కలు. ఇంజినాయిలు అనుకుని ఇంజిన్ అంతా తుడిచి చూశాను, అక్కడేమీ లేదు. తీరా చూస్తే ముందు షాకబ్జర్. ఎడమవైపు రాడ్డు చుట్టూ నల్లటి రింగు, దాని కింద బాటమ్ కేసు (రాడ్డు లోపలికి దిగే కింది గొట్టం) మీద నూనె కారి, దుమ్ము పట్టి, బెల్లం పాకంలా ఉంది. తుడిచి రాడ్డు మీద గోరు పెట్టి కిందకి లాగితే టిక్కు టిక్కుమని తగులుతోంది. లెక్కపెట్టాను, ఏడు గుంటలు. ఒకటి ఆవగింజంత, మిగతావి గసగసాలంత. అన్నీ డస్ట్ క్యాపుకి (ఆ గొట్టం మూతి మీద రబ్బరు మూత) నాలుగు వేళ్లు పైన, అన్నీ రాడ్డుకి ముందు ఎడమ పక్కనే. వెనకవైపు ఒక్కటీ లేదు. కుడి రాడ్డు మాత్రం అద్దంలా ఉంది, అందులో చూసి తల దువ్వుకోవచ్చు.

నరసాపురంలో ఒక మెకానిక్ దగ్గర ఆయిల్ సీలు (నూనె బయటికి రాకుండా రాడ్డు చుట్టూ ఉండే రబ్బరు రింగు) మార్పించాను. ఇరవై రోజులు బాగుంది, మళ్లీ మామూలే. రెండోసారి వెళ్తే రాడ్లు జత మార్చాలన్నాడు. షోరూంలో అడిగితే ముందు భాగం మొత్తం మార్చుకోండి, నిశ్చింతగా ఉంటుంది అన్నారు. వాళ్ల నిశ్చింత ఖరీదు విన్నాక నాకు నిద్ర పట్టలేదు. రొయ్యల పట్టుబడికి ఇంకా నలభై రోజులుంది. ఉన్న డబ్బంతా మేత కొట్టులో ఖాతాలో పడి ఉంది. ఈ నలభై రోజులు బండి ఆగకూడదు, నేనూ పెద్దగా ఖర్చు పెట్టకూడదు.

గుంటలు పూడ్చి నున్నగా చేస్తే సీలు నిలబడుతుందని ఒకాయన అన్నాడు. నిజమేనా? దేంతో పూడ్చాలి? నా దగ్గర మామూలు స్పానర్ సెట్టు, ఎల్-కీలు, ఒక సుత్తి ఉన్నాయి. బిగించి పట్టే వైసు లేదు. ఇంకొకటి, అసలు ఎడమదే ఎందుకు పాడైంది? రెండు రాడ్లూ ఒకే రోజు పుట్టినవే కదండీ.


రాజోలు పంటు:

అన్నా, స్ప్లెండర్ రాడ్డుకి ఇంత ఆలోచనెందుకు? బయటి కంపెనీవి జత పదిహేను వందల లోపే దొరుకుతాయి, మార్చి పడేయ్. పాత రాజ్‌దూత్ లాంటిదైతే రాడ్లు దొరకడం కష్టం, అప్పుడు పూడ్చుకోవాలి. నేను వారానికి రెండుసార్లు సఖినేటిపల్లి రేవులో పంటు (బళ్లని గోదావరి దాటించే పడవ) ఎక్కించి నరసాపురం వస్తాను. నా బండివి ఎప్పుడో పోయాయి, మార్చేశాను.


పాలకొల్లు లేత్ మేస్త్రి:

బాబూ, ముప్పై ఏళ్లు లేత్ ముందు నిలబడినవాణ్ణి. ఇప్పుడు మోకాళ్లు ఒప్పుకోక షాపు మా అబ్బాయికి అప్పగించి ఇలా ఫోను పట్టుకుని కూర్చున్నాను. పంటు అబ్బాయి చెప్పింది తప్పు కాదు, స్ప్లెండర్ రాడ్డు దొరుకుతుంది, కొనుక్కోవచ్చు. కానీ నువ్వు అడిగింది అది కాదు కాబట్టి నువ్వడిగిందే చెబుతాను.

ముందు సీలు ఎందుకు పోయిందో తెలుసుకో. సీలు పెదవి రాడ్డుని గట్టిగా బిగించి పట్టుకోదు, వెంట్రుకకంటే పల్చటి నూనె పొర మీద జారుతుంది. రాడ్డు మీద గుంట ఉంటే అది గరిటెలా పనిచేస్తుంది. లోపలికి వెళ్లిన ప్రతిసారీ ఇంత నూనె ముంచుకుని బయటికి తెస్తుంది. దానికి తోడు గుంట అంచు మీద క్రోమ్ పదునుగా లేచి ఉంటుంది, బ్లేడులా పెదవిని గీస్తుంది. అందుకే నీ కొత్త సీలు ఇరవై రోజుల్లో పోయింది. పాపం ఆ మెకానిక్ సీలు మంచిదే వేసుంటాడు.

ఇప్పుడు మూడు సంగతులు చూడు. బండి విప్పకముందే చూడాలి.

ఒకటి, ఆ గుంటలు సీలు తిరిగే మేరలో ఉన్నాయా లేదా. రాడ్డు చుట్టూ సన్నటి రబ్బరు బ్యాండు వేసి డస్ట్ క్యాపుకి ఆనించు. వెనకాల మేత బస్తా వేసుకుని మీ గతుకుల గట్టు మీద ఒకసారి తిరిగి రా, బ్రేకు కూడా గట్టిగా వెయ్యి. బ్యాండు పైకి ఎంతవరకు జరిగిందో అంతే ఆ రాడ్డు ప్రయాణం. సీలు పెదవి డస్ట్ క్యాపుకి కొంచెం లోపల ఉంటుంది కాబట్టి లెక్కలో ఒక వేలు తగ్గించుకో. గుంటలు దానికి పైనే ఉంటే వాటి జోలికి పోకు, అవి చూడ్డానికే అసహ్యం, పనికి అడ్డం కాదు. నీవి నాలుగు వేళ్ల ఎత్తులో ఉన్నాయన్నావు కాబట్టి లోపలికే వెళ్తున్నాయని నా అనుమానం.

రెండు, గుండుసూది తీసుకుని గుంట అంచున గుచ్చి పైకి ఎత్తి చూడు. గట్టిగా ఉంటే సంతోషం. చేప పొలుసులా క్రోమ్ లేచి వస్తే కింద తుప్పు పాకేసిందని అర్థం. క్రోమ్ పైకి గట్టిగా కనిపిస్తుంది గానీ దాన్నిండా కంటికి కనపడని సన్నటి పగుళ్లుంటాయి. ఉప్పు తడి వాటిలోంచి కిందున్న ఉక్కు దాకా దిగుతుంది. తుప్పు లోపల ఉబ్బి క్రోమ్‌ని పైకి తోస్తుంది. అలాంటి రాడ్డు మీద నువ్వెంత పూడ్చినా పక్కన ఇంకో చోట లేస్తుంది. అప్పుడు పంటు అబ్బాయి మాట విని కొత్తది కొనుక్కో.

మూడు, రాడ్డు వంగిందేమో. దాని సంగతి తర్వాత.

గట్టిగానే ఉందనుకుందాం. విప్పే వరస చెబుతాను, ఈ వరస తప్పితే నానా అవస్థ పడతావు. బండి మెయిన్ స్టాండు వేసి, ఇంజిన్ కింద దుంగ పెట్టి, చక్రం గాలిలో ఉండేలా చూసుకో. చక్రం తియ్యకముందే బాటమ్ కేసు అడుగున లోపలికి ఉన్న ఎల్-కీ బోల్టుని కదిలించి వదిలిపెట్టు. పైన బోల్టు, స్ప్రింగు తీసేశాక దాన్ని విప్పుదామంటే లోపలుండే సన్న గొట్టం కూడా దాంతో పాటే గిర్రున తిరుగుతుంది. స్ప్రింగు నొక్కి పట్టి ఉన్నప్పుడే అది వదులుతుంది. అలాగే పైన మూత బోల్టుని కూడా రాడ్డు టీ బిగింపులో (హ్యాండిల్ కింద రెండు రాడ్లనీ పట్టి ఉంచేది) ఉండగానే కదిలించు. పూర్తిగా విప్పేటప్పుడు ముఖం దాని మీదకి పెట్టకు, స్ప్రింగు తంతుంది.

రాడ్డు బయటికొచ్చాక థిన్నర్‌తో కడుగు. ముందు నూనె సాన రాయి, కత్తులు పట్టేది, ఒక చుక్క నూనె వేసి గుంట అంచుల మీద మెల్లగా తిప్పు. పైకి లేచిన ముళ్లన్నీ పోవాలి, అంతవరకే. బాగున్న క్రోమ్‌ని అరగదీయకు. పైపై తుప్పు మచ్చలకి సిగరెట్ పెట్టెలో వెండి కాగితం నీళ్లలో తడిపి రుద్దు, క్రోమ్ గీత పడకుండా తుప్పు వదులుతుంది. గుంట లోపల తుప్పు మాత్రం సూదితో గోకి గోకి తియ్యాలి, లోపల లోహం మెరవాలి. ఇక్కడ బద్ధకిస్తే మిగతా పనంతా దండగ. మళ్లీ థిన్నర్, ఆ తర్వాత వేలు తగలనివ్వకు. మన వేలి జిడ్డు చాలు, పూత పట్టకుండా చెయ్యడానికి.

పూడ్చడానికి ఎరాల్డైట్. ఐదు నిమిషాల్లో గట్టిపడేది కాదు, రాత్రంతా పట్టే మామూలుది. రెండు ట్యూబులూ సమానంగా తీసి గాజు పెంకు మీద బాగా కలుపు. సూదితో ముందు గుంట అడుగున పెట్టు, గాలి బుడగ ఉండకూడదు, ఆ తర్వాత పైన కొంచెం ఉబ్బెత్తుగా పెట్టు. ఒక రోజు ముట్టుకోకు. పక్కన అరవై క్యాండిల్ (అరవై వాట్ల, వేడెక్కే పాతరకం) బల్బు జానెడు దూరంలో వెలిగిస్తే ఇంకా గట్టిగా పడుతుంది.

మర్నాడు కొత్త షేవింగ్ బ్లేడు రాడ్డుకి దాదాపు పడుకోబెట్టి ఉబ్బెత్తుని పొరలు పొరలుగా చెక్కు. తర్వాత పెయింటర్లు వాడే వాటర్ పేపర్, 1000 నంబరు, 1500, 2000, సబ్బు నీళ్లతో. పేపర్ని సన్నటి పట్టీలా చించి రాడ్డు చుట్టూ వేసి బూటు పాలిష్ చేసినట్టు అటూ ఇటూ లాగు. నిలువుగా మాత్రం రుద్దకు! నిలువు గీత ఒక్కటి పడినా నూనెకి కాలవ తవ్వినట్టే. చివర్న దూది తీసుకుని చుట్టూ తిప్పు, ఒక్క పోగు కూడా చిక్కుకోకూడదు. గోరు మోసం చేస్తుంది, దూది చెయ్యదు.

సీళ్లు రెండు వైపులా కొత్తవే వెయ్యాలి. రాడ్డు పై అంచుకి పాలిథిన్ కవరు తొడిగి, నూనె రాసి, దాని మీదుగా సీలు దించు, లేకపోతే ఆ అంచుకే పెదవి చిరుగుతుంది. లోపలికి దించడానికి రాడ్డు మీదకి సరిపోయే పీవీసీ పైపు ముక్క చాలు. పాత సీలు కొత్తదాని మీద బోర్లించి, పైపు పెట్టి సమానంగా తట్టు. తీగ లాకు గాడిలో టక్కుమని కూర్చోవాలి. అడుగు బోల్టుకి రాగి వాషరు కొత్తది వెయ్యి. నూనె రెండు వైపులా ఒకే కొలత, ఎంతో బండి పుస్తకంలో చూసుకో. ఫోర్కాయిలే పోయి, మిగిలిన ఇంజినాయిలు కాదు. పోశాక రాడ్డుని పది సార్లు మెల్లగా పైకీ కిందకీ ఆడించి గాలి పోనివ్వు. పాత నూనె కాలవలో పొయ్యకు నాయనా, ఆ నీళ్లే దిగువ ఊళ్లు తాగేవి.

బ్రేకు షూల మీద నూనె పడిందేమో కూడా చూసుకో. పడితే మార్చు, అందులో బేరం వద్దు.

ఇక ఎడమదే ఎందుకన్నావు. నాకు తెలిసిపోయిందనుకుంటున్నాను గానీ ముందు నువ్వు చెప్పు. చెరువు మీద బండి ఎక్కడ పెడతావు? ఎటు తిప్పి పెడతావు?


చెరువుగట్టు:

మేస్త్రి గారూ, మీరు అడిగిన వెంటనే అర్థం కాలేదండి. పొద్దున్న చెరువు మీదకి వెళ్లి, బండి స్టాండు వేసి, దిగి రెండడుగులు నడిచి, వెనక్కి తిరిగి చూశాను. చూస్తూ అలా నిలబడిపోయాను.

మోటారు షెడ్డు పక్కన గట్టు మీద పెడతానండి, స్విచ్చి బోర్డు దగ్గరగా ఉంటుందని. సైడ్ స్టాండు ఎడమకే కదా, బండి చెరువు వైపు ఒరిగి ఉంటుంది. గట్టుకి ఐదారు గజాల్లో ఏరియేటరు (చక్రాలతో నీళ్లు చిలికి గాలి కలిపే యంత్రం). చక్రాలు తిరిగితే నీళ్లు లేస్తాయి, దక్షిణపు గాలి ఉంటే ఆ తుంపర నేరుగా గట్టు మీదకే వస్తుంది. నేను బండి ఎప్పుడూ ఇంటివైపు ముఖం చేసి పెడతాను, హడావిడిగా వెళ్లాల్సి వస్తే తిప్పక్కర్లేదని. అంటే తుంపర తగిలేది ఎడమ పక్క, ముందు భాగం. సరిగ్గా ఏడు గుంటలున్న చోటు!

ట్యాంకు ఎడమ పక్క వేలితో రుద్ది నాలిక మీద పెట్టుకున్నాను. ఉప్పగా ఉందండి. కుడి పక్క ఉత్త దుమ్మే.

మా చెరువులో ఉప్పు పది పీపీటీ దరిదాపుల్లో ఉంటుంది. అంటే లీటరు నీళ్లు ఆరితే పది గ్రాముల ఉప్పు మిగులుతుంది. సముద్రం నీళ్లయితే ముప్పై ఐదు. సముద్రంలో మూడోవంతేగా అని నేనెప్పుడూ పట్టించుకోలేదు. కానీ రాత్రి పది నుంచి తెల్లారేదాకా ఏరియేటర్లు తిరుగుతూనే ఉంటాయి, నేను కాపలా పడుకున్న రాత్రులన్నీ బండి అక్కడే. పైగా సీజను మొదట్లో చెరువు శుభ్రం చెయ్యడానికి బ్లీచింగ్ పౌడరు బస్తాలు ఇదే బండి మీద తెచ్చాను. ఆ పౌడరు మూతి ఊడి కాళ్ల మీద, ముందు మడ్‌గార్డు మీద పడింది కూడా. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కున్నాను, బండిని కడగలేదు.

రబ్బరు బ్యాండు పెట్టి చూశానండి. ఏడిట్లో ఐదు గుంటలు లోపలికి వెళ్తున్నాయి. సూదితో గుచ్చితే పొలుసు లేవలేదు, ఒక్కచోట మాత్రం చిన్న ముక్క ఊడింది. పని మొదలెడతాను.


పాలకొల్లు లేత్ మేస్త్రి:

నాలిక మీద పెట్టుకుని చూశావు చూడు, నువ్వు మెకానిక్ కావలసినవాడివి. చక్రాల చెరువులు వచ్చాక గట్టు మీద పెట్టిన బళ్లన్నిటికీ ఇదే జబ్బు. మా అబ్బాయి షాపుకి వచ్చే రాడ్లలో గుంటలు ఏ పక్క ఉన్నాయో చూసి, బండి చెరువుకి ఏ పక్క పెడుతున్నారో చెప్పేస్తాను. అప్పుడప్పుడు తప్పుతుంది, చెప్పుకోను.

ముక్క ఊడిన చోట అంచుల దాకా శుభ్రంగా గోకు. మొహమాటపడకు, వదులుగా ఉన్నది ఇప్పుడే ఊడిపోవడం మంచిది.


రాజోలు పంటు:

మేస్త్రి గారూ, రాడ్డుని సగం తిప్పి బిగిస్తే? గుంటలు వెనక్కి పోతాయి కదా. మా ఊళ్లో ఒకతను అలాగే చేశాడు.

ఇంకోటి, నా సందేహం. పోయిన వారం చీకట్లో గేదె అడ్డొచ్చి పడ్డాను. బండి తిన్నగా పోతోంది గానీ హ్యాండిల్ మాత్రం పక్కకి తిరిగి ఉంటుంది. రాడ్లు వంగినట్టేనా? మా మెకానిక్ ముందు చక్రం కొబ్బరి చెట్టుకి ఆనించి, ఇద్దరం పట్టుకుని లాగుదాం, సరిపోతుంది అంటున్నాడు.


పాలకొల్లు లేత్ మేస్త్రి:

తిప్పితే లాభం గోరంత. సీలు రాడ్డుని చుట్టూ పట్టుకుంటుంది, గుంట ముందున్నా వెనకున్నా దానికి ఒకటే. కాకపోతే బ్రేకు వేసినప్పుడు బరువు పడేది ముందూ వెనకా కాబట్టి, పూడ్చిన గుంటని పక్కకి వచ్చేలా బిగిస్తే పూత కొంచెం ఎక్కువ రోజులు ఉంటుంది. తిప్పడం పూడ్చడానికి బదులు కాదు.

నీ సంగతి వేరు. కొబ్బరి చెట్టుని వదిలెయ్యండి, దానికేం పాపం తెలీదు. పడ్డప్పుడు చాలాసార్లు రాడ్లు వంగవు, టీ బిగింపుల్లో మెలి తిరుగుతాయి అంతే. ముందు చక్రం ఇరుసు నట్టు, మడ్‌గార్డు బోల్టులు, కింది టీ బిగింపు బోల్టులు, పైవి, అన్నీ సగం వదులు చెయ్యి. చక్రం మోకాళ్ల మధ్య గట్టిగా పట్టుకుని హ్యాండిల్ తిన్నగా తిప్పు. బ్రేకు పట్టకుండా ముందు భాగాన్ని రెండుమూడు సార్లు కిందకి నొక్కి వదులు, అన్నీ వాటి చోట్లలో కూర్చుంటాయి. ఇరుసు నుంచి పైకి వరసగా బిగించు. పది పడిన బళ్లలో సగం పైగా దీంతోనే బాగుపడేవి.

దీంతో కుదరకపోతే రాడ్లు బయటికి తియ్యి. మందపాటి అద్దం బల్ల మీద దొర్లించు. నిఖార్సయినది మౌనంగా దొర్లుతుంది, వంగినది మధ్యలో లేచి టకటకమంటుంది, కిందనుంచి వెలుతురు కనిపిస్తుంది. తేడా చిన్నదైతే లేత్ షాపుకి తీసుకెళ్లు. వీ బ్లాకుల మీద పెట్టి మధ్యలో డయల్ గేజి ఆనించి తిప్పుతారు. ముల్లు మొత్తం ఆడినదాంట్లో సగం అసలు వంపు. హోండా సర్వీసు పుస్తకాల్లో చాలా బళ్లకి 0.20 మిల్లీమీటర్ల దాకా హద్దు. అంత సన్నటి వంపుని ప్రెస్సు మీద చల్లగానే కొంచెం కొంచెంగా తియ్యొచ్చు, నేను చాలా తీశాను. కానీ రాడ్డు మీద మడత పడినట్టు గీత కనిపించినా, ఒకచోట సొట్ట ఉన్నా, కింది టీ దగ్గర క్రోమ్ చిట్లినా ముట్టుకోను. డబ్బులెక్కువిస్తామన్నా ముట్టుకోను. అదే చోట మళ్లీ వంగుతుంది, ఈసారి విరిగినా విరుగుతుంది. ముందు చక్రం అది, తమ్ముడూ. గ్యాసు పెట్టి ఎర్రగా కాల్చి సరిచేస్తానన్నవాడి దగ్గరనుంచి బండి తీసుకుని ఇంటికొచ్చెయ్యి. కాలిస్తే ఉక్కు సత్తువ పోతుంది, క్రోమ్ రాలిపోతుంది.


తణుకు కుర్రోడు:

మేస్త్రి గారూ, బకెట్‌లో ద్రావకం పోసి బ్యాటరీ పెట్టి ఇంట్లోనే క్రోమ్ వేసుకోవడం వీడియోలో చూశాను. చేయొచ్చా? లేకపోతే మా ఊళ్లో నికెల్ పాలిష్ వేసే షాపుంది, అక్కడ ఇస్తే?


పాలకొల్లు లేత్ మేస్త్రి:

బకెట్ సంగతి మర్చిపో. ఆ క్రోమిక్ ఆమ్లం ఊపిరితిత్తుల్ని తినేస్తుంది, మిగిలింది ఎక్కడ పారబోస్తావు, మీ పెరట్లోనా? నికెల్ పాలిష్ హ్యాండిల్‌కీ సైలెన్సర్‌కీ. నగ మీద మెరుగులాంటిది, పల్చటి పూత. ఫోర్కుకి కావలసింది హార్డ్ క్రోమ్. పాతది తీసేసి, రాడ్డుని గ్రైండింగ్ పట్టి, మందంగా క్రోమ్ ఎక్కించి, మళ్లీ సైజుకి గ్రైండింగ్ పట్టాలి. ఆ పని చేసేవాళ్లని వెతకాలంటే విజయవాడ ఆటోనగర్ లాంటి చోట వెతకాలి. స్ప్లెండర్‌కి చేయిస్తే కొత్త రాడ్ల కంటే ఎక్కువవుతుంది. తాత గారి పాత జావా బండి ఉంటే చేయించుకో.


చెరువుగట్టు:

పని పూర్తయిందండి. ఎలా జరిగిందో రాస్తాను, నాలాంటి వాళ్లకి పనికొస్తుందని.

అడుగు బోల్టు దగ్గరే మొదటి దెబ్బ తిన్నాను. మేస్త్రి గారు చెప్పిన వరస చదివి కూడా, చక్రం తీసేశాక గుర్తొచ్చింది. కుడిది వదిలింది గానీ ఎడమది గిరగిరా తిరగడమే. చివరికి మా ఆవిడ చీపురు కర్ర తీసుకుని, కొన చెక్కి, పైనుంచి లోపలి గొట్టంలో బిగించి కొట్టి పట్టుకుంటే వదిలింది. చీపురు తిరిగి ఇచ్చాను. ఇచ్చినదానికంటే పొట్టిగా ఉందని గమనించింది.

లోపలనుంచి వచ్చిన నూనె నూనెలా లేదు, చెరువు అడుగు బురద రంగు, అదే వాసన కూడా. ఎడమవైపు నేను కొలిచినప్పుడు కుడివైపు కంటే సగమే ఉంది. అన్నాళ్లూ ఒంటి కాలి మీద నడిచిన బండి, ఏమీ అనలేదు పాపం.

గుంటలు గోకడానికి సాయంత్రం ఐదింటి నుంచి ఎనిమిదిన్నర దాకా పట్టింది. చదువుకునే పిల్లల భూతద్దం తీసుకుని చూస్తే గసగసాలంత గుంట లోపల బావిలా ఉంది, పైన చిన్న మూతి, లోపల వెడల్పు. మూతి దగ్గర క్రోమ్ అంచు విరగ్గొడితేగానీ అడుగు తుప్పు అందలేదు. ఆవగింజంతది కాస్తా కందిగింజంత అయింది. చేతులు వణికాయి, పాడుచేస్తున్నానేమో అని. కానీ అడుగున తెల్లగా మెరిసేసరికి ధైర్యం వచ్చింది.

మొదటిసారి ఎరాల్డైట్ సరిగ్గా కలపలేదు, మర్నాటికి కూడా రెండు చోట్ల జిగురుగానే ఉంది. గోకేసి మళ్లీ పెట్టాను. ఒక రోజు పోయింది, ఆ రోజు మా బావ బండి మీద వెళ్లాను. బ్లేడుతో చెక్కుతుంటే కొబ్బరి తురుములా సన్నగా వస్తుంది, అది బాగుంటుందండి. 2000 నంబరు పేపరు అయ్యాక చూస్తే గుంటలు ఉన్నచోట పచ్చటి మచ్చలు కనిపిస్తున్నాయి, వేలికి మాత్రం తెలియట్లేదు. దూది పెట్టాను. ఒకచోట పోగు పట్టుకుంది. మళ్లీ పేపరు. ఆ తర్వాత పట్టుకోలేదు.

నూనె కొలవడానికి పశువుల డాక్టరు వాడే పెద్ద సిరంజి వాడాను, కొత్తదే, సూది లేకుండా. రెండు వైపులా చుక్క తేడా లేదు.

ఖర్చు: సీళ్లు, డస్ట్ క్యాపులు జతగా, ఫోర్కాయిలు, ఎరాల్డైట్, మూడు రకాల పేపరు, రాగి వాషర్లు అన్నీ కలిపి ఐదొందలకి ముప్పై తక్కువ. బ్రేకు షూలు తడవలేదు, కడిగి ఎండబెట్టి వేసేశాను.


రాజోలు పంటు:

నాది మెలి మాత్రమేనండోయ్, వంపు కాదు. బోల్టులు వదులు చేసి మోకాళ్ల మధ్య పట్టుకుని తిప్పితే పది నిమిషాల్లో సరిపోయింది. మా మెకానిక్ ముఖం చూడాలి. కొబ్బరి చెట్టు క్షేమం.

పంటు దిగాక మంచినీళ్లతో కడిగి, రాడ్ల మీద నూనె గుడ్డ ఒకసారి తిప్పుతున్నాను. రాడ్లకి రబ్బరు బూట్లు (తొడుగులు) తొడగమంటున్నారు, మంచిదేనా?


పాలకొల్లు లేత్ మేస్త్రి:

రాళ్ల రోడ్డు మీద తిరిగితే మంచిదే. ఉప్పు నీళ్లలో తిరిగేవాడికైతే లోపల తడి నిలవుండి ఇంకా త్వరగా తింటుంది, బయటికి కనపడదు కూడా. తొడిగితే వారానికోసారి పైకి లేపి తుడిచే ఓపిక ఉండాలి. నీకుందా?


చెరువుగట్టు:

నలభై ఐదు రోజుల తర్వాత రాస్తున్నానండి. పట్టుబడి అయింది, కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలన్నది) పర్వాలేదు, రేటే కొంచెం నిరాశ. ఎడమ రాడ్డు ఇప్పటిదాకా పొడిగానే ఉంది. రోజూ పొద్దున్నే వేలు పెట్టి చూసుకోవడం అలవాటైపోయింది. ఆ పెద్ద గుంట అంచున మాత్రం సన్నటి నల్ల గీత కనిపిస్తోంది, దూది ఇంకా చిక్కుకోవట్లేదు. డబ్బులు చేతికొచ్చాయి కాబట్టి రాడ్లు జత కొని ఇంట్లో పెట్టాను. అది కారిన రోజు మారుస్తాను, ఇప్పుడు కాదు.

బండి ఇప్పుడు షెడ్డుకి అవతలి పక్క, చింతచెట్టు కింద పెడుతున్నాను. స్విచ్చి బోర్డు దాకా నలభై అడుగులు నడవాలి, అంతే. నేను ఖాళీ చేసిన చోట మా బావ తన కొత్త బండి పెడుతున్నాడు, నీడ బాగుందని. మొన్న చెప్పాను. చల్లగా తుంపర పడుతోంది, బండికి కూడా హాయిగా ఉంటుందిలే అన్నాడు.